పాత కంప్యూటరు, కొత్త మెరుగులు

టెలివిజనుకు తగిలించి ఆడే వీడియో గేములు మన ఊళ్ళలోకి వచ్చిన 1990 ప్రాంతపు రోజులు చదువరులలో కొందరికి జ్ఞాపకం ఉండే ఉంటాయి. ఆట ఉన్న ప్లాస్టిక్ దిమ్మను మేము "క్యాసెట్టు" అనేవారము. దానిని పెట్టగానే ఒక్కొక్కప్పుడు ఆటకు బదులు తెరమీద పిచ్చి గీతలు కనపడేవి. అప్పుడు క్యాసెట్టును బయటికి లాగి, దాని నోటిలో ఉఫ్‌మని ఊది, మళ్ళీ పెట్టేవారము. ఆట వచ్చేది. ఊదితే బాగుపడుతుందని పిల్లలందరికీ తెలుసు. ఎవరు నేర్పారో ఎవరికీ తెలియదు. అసలు కారణం వేరు. తీసి పెట్టడంలో లోహపు పళ్ళు ఒకదానినొకటి రాసుకొని, పైనున్న మురికిపొర చెదిరి, స్పర్శ కుదిరేది. ఊదిన గాలి చేసిన మేలు ఏమీ లేదు. పైగా ఆ గాలిలోని తేమ ఆ పళ్ళకే మెల్లమెల్లగా తుప్పు పట్టించేది. అనగా మా మరమ్మతు పనిచేసినది, కాని మేము అనుకున్న కారణంచేత కాదు. అది రోగాన్ని పెంచే మరమ్మతు కూడాను.

ఈ సంగతి ఎందుకు ఎత్తుకున్నానంటే, 1970, 80 దశాబ్దాలలో ఇండ్లకోసం, బడులకోసం తయారైన కంప్యూటర్లను, గేము యంత్రాలను వెదకి తెచ్చి బాగుచేసే అభిరుచి నేడు చాలా దేశాలలో పెరిగినది. మన దేశంలోనూ అక్కడక్కడ మొదలైనది. విద్యార్థులకు ఇంతకంటె మంచి వ్యాపకం చెప్పడం కష్టం. ఈనాటి చరవాణి మూత తీసినా లోపల ఏమీ అర్థం కాదు. ఆనాటి యంత్రం మూత తీస్తే ప్రతి భాగమూ కంటికి ఆనుతుంది, పేరు చదవవచ్చును, అది ఏమి చేస్తున్నదో కొలవవచ్చును. అయితే ఈ అభిరుచిలో రెండు వేర్వేరు పనులు ఒకే పేరుమీద చెలామణి అవుతున్నవి. ఒకటి బాగుచేయుట. రెండవది మెరుగుపెట్టుట. మొదటిది యంత్రాన్ని అది ఎట్లా ఉండేదో అట్లా నిలబెడుతుంది. రెండవది అది ఎన్నడూ లేని స్థితికి తీసుకొనిపోతుంది. రెండవదాని మోజులో మొదటిది దెబ్బతింటున్నదని నా విమర్శ. దీనిని గాలిలో మాట్లాడక ఒక యంత్రాన్ని ఎదుట పెట్టుకొని మాట్లాడుదాము.

ఆ యంత్రం బి.బి.సి. మైక్రో. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఏకార్న్ అనే చిన్న సంస్థ దీనిని తయారుచేసినది. కంప్యూటరు అంటే ఏమిటో దేశప్రజలందరికీ నేర్పాలని బ్రిటిష్ ప్రసార సంస్థ ఒక కార్యక్రమం తలపెట్టి, దానికి తోడుగా ఒక యంత్రం కావాలనుకొన్నది. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ ప్రభృతులు రూపొందించిన ఈ యంత్రం 1981 డిసెంబరులో బయటికి వచ్చినది. దీనిలో 6502 జాతి ప్రాసెసరు సెకనుకు 20 లక్షల స్పందనలతో, అనగా 2 మెగాహెర్ట్జులతో నడుస్తుంది. 'బి' నమూనాలో మెమొరీ 32 కిలోబైట్లు. వెల మొదట 335 పౌండ్లు, కొద్దికాలానికే 399. మొత్తంమీద 15 లక్షలకు పైగా అమ్ముడుపోయినవి. చిన్నప్పుడు మేము ఊదిన ఆ గేము యంత్రాలలోని ప్రాసెసరు కూడా ఈ 6502 కుటుంబానిదేనని పెద్దయిన తరువాత తెలిసి నేను కొంత ఆశ్చర్యపడ్డాను.

మనకు దీనితో మరొక చుట్టరికం ఉన్నది. 1984లో భారత ప్రభుత్వం పాఠశాలలలో కంప్యూటరు విద్యకోసం "క్లాస్" అనే పథకం మొదలుపెట్టినప్పుడు తొలివిడతలో ఎంపిక చేసిన 250 పాఠశాలలకు పంపినవి ఈ బి.బి.సి. మైక్రోలే. తరువాత పంజాబులోని మొహాలీలో ఉన్న సెమికండక్టర్ కాంప్లెక్సు సంస్థ దీనినే "యూనికార్న్" అనే పేరుతో మన దేశంలో తయారుచేసినది కూడా. కనుక మన పాత ఉన్నత పాఠశాలల సామాను గదులలో, విరిగిన బల్లల వెనుక, మీగడరంగు పెట్టె ఒకటి కనపడితే అది ఇదే కావచ్చును. దాని గతి ఏమిటన్నదే ఈ వ్యాసంలో అసలు ప్రశ్న. పాత ఇనుము కొనేవాడికి తూకానికి పోవడం ఒక గతి. మోజుపడినవాడి చేతిలో పడి, మూత మాత్రం మిగిలి లోపలంతా మారిపోవడం మరొక గతి. రెండూ నాశనమే. రెండవది చూడడానికి మాత్రం ముచ్చటగా ఉంటుంది.

నా చేతికి ఒకటి వచ్చినది. ఉన్నత పాఠశాలలో సైన్సు చెప్పే మిత్రుడొకరు, "మాస్టారూ, మీ లాబులో పెట్టుకోండి, మా దగ్గర ఉంటే వచ్చే ఏడు పాట పాడేస్తారు" అని తెచ్చి ఇచ్చారు. ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. విద్యార్థులకు ప్రతిరోజూ "ముందు చూడండి, తరువాత ముట్టుకోండి" అని చెప్పే నేను, మూత తీసి చూడకుండానే ప్లగ్గు పెట్టి మీట వేశాను. రెండు స్వరాల "బీప్" వినపడినది, తెరమీద పేరు వచ్చినది, చుట్టూ చేరిన పిల్లలు చప్పట్లు కొట్టారు. పావుగంట గడవకముందే యంత్రం ఎడమపక్కనుండి చిటపట చప్పుడు, వెంటనే తెల్లని పొగ, ముక్కు పగిలే వాసన. విచిత్రమేమంటే తెర ఆరిపోలేదు. పొగ వస్తూనే ఉన్నది, కంప్యూటరు పనిచేస్తూనే ఉన్నది.

మా బజారులో టి.వి.లు బాగుచేసే పెద్దాయన దానిని విప్పి, "సార్, కండెన్సరు పేలింది. పక్కనున్న చిన్నదీ బీటలిచ్చేసింది చూడండి. దానికి మీరు ఇంకా సుముహూర్తం పెట్టలేదంతే" అన్నాడు.

"మరి కంప్యూటరు ఎట్లా నడిచింది, బాబాయ్?"

"అది కరెంటు తీసుకునే దారిలో లేదు కదండీ. వాకిట్లో కాపలా ఉంది. కాపలావాడు పడిపోతే ఇల్లు పడిపోతుందా?"

ఇంత చక్కని వివరణ నేను పాఠ్యపుస్తకాలలో చూడలేదు. ఆ కండెన్సరు సరఫరాకు వచ్చే రెండు తీగెల నడుమ అడ్డంగా ఉంటుంది. యంత్రంలోని స్విచ్చింగు సరఫరా పుట్టించే అధిక పౌనఃపున్యపు రొద ఇంటి తీగెలలోకి పోకుండా దానిని అక్కడే కలిపివేయడం దీని పని. 0.1 మైక్రోఫారడు కెపాసిటీ, 230 వోల్టులు, 50 హెర్ట్జులు తీసుకొని లెక్కకట్టితే దానిగుండా పోయే కరెంటు 7 మిల్లీ ఆంపియర్లు మాత్రమే. అది ఆరోగ్యంగా ఉన్నంతకాలం ఆ కరెంటు వోల్టేజికంటె సరిగా పాదచక్రం ముందు ఉంటుంది గనుక వేడి దాదాపు పుట్టదు. కాని ఈ రకం కండెన్సరులో విద్యుద్రోధకం కాగితం. లోహపు పూత పూసిన కాగితాన్ని చుట్టచుట్టి, రెసిన్‌తో తడిపి, గట్టి ప్లాస్టిక్ తొడుగులో పెట్టుతారు. నలుబది ఏండ్లలో తొడుగు బీటలు వారుతుంది. బీటలగుండా తేమ పోతుంది. కాగితం తేమ పీలుస్తుందని మన గోదావరి ప్రాంతాలలో పరీక్ష పేపర్లు దిద్దిన ఉపాధ్యాయులకు ఎవరూ చెప్పనక్కరలేదు. తడిసిన కాగితంలో కరెంటు కొంత కారుతుంది, వేడి పుట్టుతుంది, ఆవిరి ఒత్తిడి పెరుగుతుంది, తొడుగు పగులుతుంది. దశాబ్దాల తరబడి పనిలేక పడివున్న యంత్రానికి మొదటిసారి కరెంటు ఇచ్చినప్పుడే ఇది జరగడానికి కారణం అదే. వాడుకలో ఉన్న రోజులలో వచ్చే వెచ్చదనం తేమను కొంత ఆరబెట్టుతూ ఉండేది. ఇది తయారుచేసినవారి దోషం కాదు. నలుబది ఏండ్ల తరువాత ఎవరో ఒక లెక్చరరు మూత తీయకుండా మీట వేస్తాడని వారు ఊహించి ఉండరు.

కనుక ఆ రెండు కండెన్సర్లను తీసి, అదే విలువ గల, సరఫరా తీగెల నడుమ పెట్టడానికే ధ్రువీకరించిన కొత్తరకం ప్లాస్టిక్ పొర కండెన్సర్లు పెట్టుట సరియైన మరమ్మతు. దీనిని నేను సంపూర్ణంగా సమర్థిస్తాను. యంత్రం పాతదనానికి దీనివల్ల లోపం లేదు. నూరేండ్ల ఇంటికి చెదపట్టిన వాసం మార్చినంత మాత్రాన అది కొత్త ఇల్లు కాదు.

కాని ఇక్కడినుండే అతి మొదలవుతుంది. ఒక కండెన్సరు పేలినదని విని, యంత్రంలో ఉన్న కండెన్సర్లన్నిటినీ ఊడబీకి కొత్తవి వేయడం ఈ అభిరుచిపరులలో ఒక ఆచారమైపోయినది. దాని ప్రకారం అమ్మే సామాను పొట్లాలు కూడా దొరుకుతాయి. ఒక పన్ను పుచ్చినదని ముప్పదిరెండూ పీకే వైద్యుని ఏమంటాము? కండెన్సర్లన్నీ ఒక జాతివి కావు. అల్యూమినియం ఎలక్ట్రోలైటిక్ రకంలో ద్రవం ఉంటుంది. రబ్బరు బిరడాగుండా ఏండ్ల తరబడి ఆవిరై, దాని అంతర్నిరోధం పెరుగుతుంది. వీటిని అనుమానించవలసినదే. పింగాణీ రకం బిళ్ళలలో ఎండిపోవడానికి ద్రవమే లేదు. వాటిని వరసగా మార్చడం మూఢాచారం. అనుమానించినవాటిని సైతం ముందు కొలవాలి. అంతర్నిరోధం కొలిచే మీటరు నేడు ఒక మోస్తరు పాఠ్యపుస్తకాల కట్ట వెలకే వస్తుంది. కొలవకుండా మార్చినవాడు యంత్రం బాగుపడిన తరువాత కూడా రోగం ఏమిటో చెప్పలేడు. క్యాసెట్టును ఊదిన పిల్లవాడికీ ఇతనికీ తేడా ఏమిటి? పైగా పాత పలకమీద ఒక్కొక్క కాలు ఊడదీయడానికి టంకం కరిగించిన ప్రతిసారీ రాగి రేకు పలకనుండి లేచిపోయే ప్రమాదం ఉన్నది. ఇరవై మంచి భాగాలను మార్చబోయి రెండు దారులు తెంచినవారిని నేను చూశాను. వారిలో ఒకడు నా విద్యార్థి, చేతులు బంగారం. తొందర మాత్రం ఎక్కువ.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక హెచ్చరిక. విద్యుత్ సరఫరా పెట్టెను విద్యార్థిచేత విప్పించవద్దు. 230 వోల్టులు అనేది వర్గమధ్యమ మూల (ఆర్.ఎం.ఎస్.) విలువ. శిఖరం దాదాపు 325 వోల్టులు. ఆ విలువకు నిండిన పెద్ద కండెన్సరు ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు నిండుగానే ఉండవచ్చును. ఉదాహరణకు 100 మైక్రోఫారడుల కండెన్సరులో అప్పుడు దాచబడిన శక్తి 5 జౌళ్ళకు పైన. బల్లమీద నుండి నేలమీద పడిన కిలో బరువుకు అంతకంటె ఎక్కువ శక్తే ఉంటుంది నిజమే. కాని బరువు కాలిమీద పడుతుంది, ఇది గుండెగుండా పోతుంది.

బ్యాటరీల విషయంలో మాత్రం జాగుచేయరాదు. బి.బి.సి. మైక్రో 'బి' నమూనాలో అదృష్టవశాత్తు బ్యాటరీయే లేదు. కాని 1991లో కమడోర్ సంస్థ తెచ్చిన ఆమిగా 500 ప్లస్ వంటి యంత్రాలలో గడియారంకోసం చిన్న నికెల్-కాడ్మియం బ్యాటరీ పలకకే అతికి ఉంటుంది. అది కారినప్పుడు వచ్చేది క్షారం, పొటాషియం హైడ్రాక్సైడు. అది రాగి దారులను తినివేస్తుంది, పచ్చని చిలుము పట్టిస్తుంది. "ఆసిడ్ కారింది" అని చాలామంది చెప్పి, ఆమ్లానికి విరుగుడని వంటసోడా పూస్తారు! క్షారానికి క్షారం విరుగుడు కాదు గదా. పలుచని వెనిగరుతో తటస్థీకరించి, శుద్ధజలంతో కడిగి, ఆరబెట్టాలి. పదవ తరగతి రసాయనశాస్త్రం ఇంత సూటిగా అక్కరకు వచ్చే సందర్భాలు ఎక్కువ ఉండవు. అటువంటి యంత్రం ఎవరి దగ్గరనైనా ఉంటే, బాగుచేసినా చేయకపోయినా, బ్యాటరీని ఈ రోజే తీసివేయాలి.

పసుపెక్కిన పెట్టెను తెల్లగా చేసే విద్యగురించి రెండు మాటలు చాలు. 2008లో అభిరుచిపరులు హైడ్రొజన్ పెరాక్సైడు పూసి అతినీలలోహిత కాంతిలో పెట్టితే పాత ప్లాస్టిక్ రంగు తిరిగి వస్తుందని కనిపెట్టారు. వస్తుంది. కొన్నేండ్లకు పసుపు మళ్ళీ వస్తుంది. సమంగా పూయకపోతే చారలు శాశ్వతంగా మిగులుతాయి. యంత్రం పనిచేయడానికీ దీనికీ సంబంధం లేదు. వెంట్రుకలకు రంగు వేసుకొనుట ఎవరి ఇష్టం వారిది. దానిని వైద్యం అనకుంటే చాలును.

ఇక మెరుగుల సంగతి. దీనిని అర్థం చేసుకోవడానికి ఈ యంత్రపు గొప్పతనం ఎక్కడున్నదో ముందు చూడాలి. అది దాని బలంలో లేదు, పొదుపులో ఉన్నది. ప్రాసెసరుకూ తెరకూ మెమొరీ ఒక్కటే. ప్రాసెసరు సెకనుకు 20 లక్షల సార్లు మెమొరీని తడుముతుంది. తెరమీది బొమ్మ నిలబడాలంటే దాని సర్క్యూటు కూడా అదే మెమొరీని 20 లక్షల సార్లు చదవాలి. ఒకరు చదువుతుంటే మరొకరు ఆగితే యంత్రం మందగిస్తుంది. ఏకార్న్ ఇంజనీర్లు సెకనుకు 40 లక్షల సార్లు జవాబు చెప్పగల మెమొరీ తెచ్చి, ఇద్దరికీ వంతులు వేశారు. ఒకే బావిలో రెండు చేదలు. ఒకటి పైకి వస్తుంటే మరొకటి కిందికి పోతుంది. తాళ్ళు ఎన్నడూ ముడిపడవు. ఆ రోజులలో ఇంత వేగపు మెమొరీ దొరకడమే కష్టం.

ఆ మెమొరీ ఎంతో లెక్కచూడండి. సున్నా సంఖ్య గల తెరవిధానంలో అడ్డంగా 640, నిలువున 256 చుక్కలు. చుక్కకు ఒక బిట్టు చొప్పున 1,63,840 బిట్లు, అనగా 20,480 బైట్లు తెరకే పోతాయి. యంత్రం సొంత వాడకానికి 3,584 బైట్లు. మిగిలిన 32,768లో మన ప్రోగ్రాముకు దక్కేది 8,704 బైట్లు మాత్రమే. డిస్కు అమరిక ఉంటే అది మరికొంత పుచ్చుకొని 5,888 మిగులుస్తుంది. దీనికి భిన్నంగా ఏడవ తెరవిధానంలో యంత్రం చుక్కలను దాచదు, అక్షరాలను మాత్రమే దాచుతుంది. అక్షరాల రూపాలు వేరొక చిప్పులో ఉంటాయి. వరుసకు 40 అక్షరాలు, 25 వరుసలు, అంతా కలిపి ఒక్క కిలోబైటు. డిస్కు లేనప్పుడు ప్రోగ్రాముకు 28,160 బైట్లు దక్కుతాయి. బొమ్మ కావాలా, ఆలోచనకు చోటు కావాలా అని విద్యార్థి ప్రతి పూటా ఎంచుకోవలసిందే. గిగాబైట్ల మధ్య పెరిగిన మా డిగ్రీ విద్యార్థులకు ఒక బైటు విలువ నేను ఎన్ని ఉపన్యాసాలలోనో చెప్పలేకపోయాను. ఈ యంత్రం "నో రూమ్" అనే ఒక్క మాటతో చెప్పినది.

ఇప్పుడు మెమొరీని పెంచే పలకలు దొరుకుతాయి. వాటిలో కొన్ని ఆనాడే తయారైనవి, వాటిని నేను తప్పుపట్టను. అవి ఆ యంత్రపు చరిత్రలో భాగమే. కాని బడికోసం బాగుచేసే యంత్రంలో మొదటి పనిగా ఇరుకును తొలగిస్తే, దేనికోసం దానిని బాగుచేశామో అది పోయినట్లే. సరిపోయేంత చోటు కావాలంటే పక్కగదిలో కొత్త కంప్యూటరు ఉండనే ఉన్నది.

డిస్కుకు బదులు చిన్న మెమొరీ కార్డు పెట్టే అమరిక వేరు సంగతి. దానిని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకొంటాను. పాత అయస్కాంత డిస్కులు బూజుపట్టుతాయి, వాటిని తిప్పే పెట్టెలలో రబ్బరు పట్టీలు సాగిపోతాయి. కార్డు పెట్టితే యంత్రం ఇతర స్వభావం ఏదీ మారదు. ఒక్కటే షరతు: పాత డిస్కులలో ఉన్నదానిని ముందు నకలు తీసిన తరువాతనే వాటిని పక్కన పెట్టాలి. ఇది ఎంత పెద్ద విషయమో బి.బి.సి. యంత్రపు చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉన్నది. 1086లో ఇంగ్లండు రాజు చేయించిన భూముల లెక్కల గ్రంథం "డూమ్స్‌డే బుక్". దాని తొమ్మిదివందల ఏండ్ల పండుగకు 1986లో బ్రిటిష్ ప్రసార సంస్థ కొత్త లెక్కలు తీయించినది. వేలాది పాఠశాలల పిల్లలు తమ ఊళ్ళగురించి వ్రాశారు. పాల్గొన్నవారు పదిలక్షలకు పైబడ్డారు. అంతటినీ రెండు లేజరు డిస్కులలో నింపి, బి.బి.సి. యంత్రంలోని తరువాతి నమూనాకు తగిలించి చదివేట్లు చేశారు. పదహారేండ్లు గడిచి 2002 వచ్చేసరికి ఆ డిస్కులను చదవగల యంత్రాలు వేళ్ళమీద లెక్కపెట్టవలసి వచ్చినది. తొమ్మిదివందల ఏండ్లనాటి తోలు గ్రంథం మాత్రం చక్కగా చదవవచ్చును. లీడ్స్, మిచిగన్ విశ్వవిద్యాలయాలవారు కలిసి, పాత యంత్రపు ప్రవర్తనను కొత్త కంప్యూటరులో అనుకరించే ప్రోగ్రాము వ్రాసి దానిని కాపాడారు. ఆ పని సాగడానికి పనిచేసే పాత యంత్రం ఒకటి ఎదుట ఉండడం ఎంత అవసరమైనదో వేరే చెప్పనక్కరలేదు. నకలు సరిగా ఉన్నదని చెప్పడానికి అసలు కావాలి గదా.

అన్ని మెరుగులలోనూ నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది "ట్యూబు" దగ్గర జరుగుతున్న పని. బి.బి.సి. మైక్రో అడుగున ట్యూబు అనే పేరుగల అతుకు ఒకటి ఉన్నది. రెండవ ప్రాసెసరును దానికి తగిలించవచ్చును. అప్పుడు లెక్కలన్నీ కొత్త ప్రాసెసరు చేస్తుంది. పాత యంత్రం మీటలను, తెరను, డిస్కును చూసుకుంటుంది. ఏకార్న్ సంస్థ తన సొంత ప్రాసెసరు ఒకటి రూపొందించినప్పుడు దానిని పరీక్షించినది ఈ అతుకుమీదనే. ఆ ప్రాసెసరు పేరు ఆర్మ్. 1985 ఏప్రిల్ 26న మొదటి చిప్పు కేంబ్రిడ్జికి చేరి పనిచేసినది. దానికి ఎంత కరెంటు పడుతున్నదో చూడబోగా అమ్మీటరు సున్న చూపినదట. చూడగా సరఫరా తీగె తగిలించనేలేదు. ఇతర కాళ్ళనుండి కారి వచ్చిన కొద్దిపాటి కరెంటుతోనే అది నడుస్తున్నదని ఆ ఇంజనీర్లే తరువాత చెప్పారు. నేడు మన చేతులలోని చరవాణులు దాదాపు అన్నిటిలోనూ ఉన్నది ఆ వంశపు ప్రాసెసరే.

ఇప్పటి అభిరుచిపరులు రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటరును అదే ట్యూబుకు తగిలిస్తున్నారు. దానిలో ఉన్నదీ ఆర్మ్ ప్రాసెసరే! పుట్టింటికి మనుమరాలు వచ్చినట్లున్నది. మధ్యలో 5 వోల్టులను 3.3 వోల్టులకు దించే చిన్న పలక ఒకటి చాలును. పాత యంత్రంలో ఒక్క తీగె కోయనక్కరలేదు, ఒక్క చుక్క టంకం పెట్టనక్కరలేదు. తీసివేస్తే యంత్రం 1981లో ఎట్లున్నదో అట్లే ఉంటుంది. దీనిద్వారా అనుకరించిన 6502 నూరు మెగాహెర్ట్జులకు మించిన వేగంతో నడుస్తుంది. మెరుగు అంటే ఇట్లా ఉండాలి: పాతవారు భవిష్యత్తుకోసం తెరిచి ఉంచిన తలుపుగుండా రావాలి, వచ్చిన దారినే పోగలగాలి.

అయినా నా మనసులో ఒక ముల్లు ఉన్నది. దానిని తగిలించినప్పుడు లెక్కలన్నీ చేసేది పై, పాత యంత్రం కేవలం మీటల పలక. అల్లుడికి ఇల్లు వ్రాసి ఇచ్చి అరుగుమీద కూర్చున్న మామగారి సంగతి. విద్యార్థి "బి.బి.సి. మైక్రో ఎంత వేగంగా ఉన్నదండీ" అని మెచ్చుకొంటే నేను ఏమి చెప్పాలి? అందుచేత మా ప్రయోగశాలలో ముందు అది లేకుండా ప్రధానసంఖ్యలు కట్టిస్తాము, కాలం వ్రాయిస్తాము, తరువాత తగిలిస్తాము. తేడా చూసిన తరువాత మెచ్చుకోవడంలో అర్థం ఉన్నది.

పాత పెట్టెలోని పలకను తీసివేసి, కొత్త చిన్న కంప్యూటరును లోపల దూర్చి, "బాగుచేశాను" అని చూపేవారిని మాత్రం క్షమించలేను. అది పులిచర్మం కప్పుకోవడం. పనిచేయని పలక కూడా సాక్ష్యమే. ఇక వ్యాపార సంస్థలు తెచ్చే బుల్లి ప్రతిరూపాలు ఉన్నవి. 2018లో వచ్చిన సి64 మినీ అనే బొమ్మలో మీటల వరుసలన్నీ ముచ్చటగా అచ్చుపోసి ఉన్నవి, ఒక్కటీ దిగదు. ప్రపంచంలో ఎందరో పిల్లలకు టైపుచేసి ప్రోగ్రాము వ్రాయడం నేర్పిన కమడోర్ 64కు మీటలు దిగని స్మారకం! ఆటలు ఆడుకోవడానికి అది బాగానే ఉన్నది. మరుసటి ఏడు పూర్తి పరిమాణంలో, దిగే మీటలతో వచ్చిన యంత్రం ఆ తప్పును దిద్దినది.

కంప్యూటరులో కంప్యూటరును అనుకరించే ప్రోగ్రాములను తక్కువచేసి మాట్లాడరాదు. యంత్రం దొరకని పాఠశాలలో బి.బి.సి. బేసిక్ భాషను రేపటినుండే వాటితో నేర్పవచ్చును, ఉచితంగా. అయితే వాటికి తీగె తగిలించడానికి చోటు లేదు. అసలు యంత్రం వెనుక వోల్టేజీని నేరుగా సంఖ్యగా మార్చే ద్వారాలు నాలుగు ఉన్నవి. కాంతినిబట్టి నిరోధం మారే చిన్న బిళ్ళను, ఒక నిరోధాన్ని తగిలించి, ఒక్క వరుస ప్రోగ్రాము వ్రాస్తే చాలు, కిటికీలో మబ్బు కమ్మడం సంఖ్యలలో కనపడుతుంది. మార్పిడి 12 బిట్లదని చెప్పుతారు. వెలుతురు కదలకున్నా చివరి ఒకటి రెండు బిట్లు మాత్రం గెంతుతూనే ఉంటాయి. "యంత్రం చెడిపోయిందా, సార్?" అని పిల్లలు అడుగుతారు. కొలత అనేదానికి అంచు ఎక్కడున్నదో మాట్లాడడానికి అంతకంటె మంచి ప్రశ్న నాకు ఇంతవరకు ఎవరూ వేయలేదు.

మా యంత్రం ప్రస్తుతం ఇట్లున్నది. కండెన్సర్లు మూడు మారినవి. మూడవది కొలిచి మార్చినది. పెట్టె పసుపుగానే ఉన్నది. డిస్కు పెట్టె పట్టీ దొరకలేదు గనుక కార్డుతో నడుపుతున్నాము. మిత్రుడు ఇచ్చిన ఆరు డిస్కులలో నాలుగు నకలు తీయగలిగాము. ఒకదానిలో ఎవరో విద్యార్థి కట్టిన ఎక్కాల ప్రోగ్రాము ఉన్నది, పదమూడవ ఎక్కంలో తప్పుతోసహా. మార్చిన ప్రతి భాగం, తేదీ, ముందు కొలత, తరువాత కొలత ఒక నోటుపుస్తకంలో వ్రాసి యంత్రం పక్కన పెట్టాము. పేలిన కండెన్సరును చిన్న గాజుసీసాలో వేసి దానితోనే ఉంచాము. మూత తీస్తే ఇంకా వాసన వస్తుంది.